నల్లబడేలోపు

కుట్టుమిషను పక్కనుంచి
జూన్ 9

ఒరే బఫింగు మేస్త్రీ,

అందరూ ఉత్తరం మొదట్లోనే మేమంతా క్షేమం అని రాస్తారు. నేను చివర రాస్తాను, అప్పటికింకా క్షేమంగా ఉంటే. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. ఇత్తడికి మెరుగుపెట్టే ఆ షెడ్డులో చక్రాల మోతకి నీ చెవులు సగం పోయాయి, ఫోనులో నేనొకటంటే నువ్వొకటి వింటావు. పైగా నేను ఫోను పట్టుకుంటే చాలు, అమ్మ వచ్చి నా మోచేతి దగ్గర నిలబడుతుంది. ఆవిడ సంగతులు ఆవిడ ముందే ఏం చెప్పను? అందుకని జాకెట్ల కొలతల పుస్తకంలోంచి కాగితాలు చింపి రాస్తున్నాను. వెనకవైపు ఎవరి చుట్టుకొలతైనా ఉంటే చదవకు.

నువ్వు తీసుకెళ్ళి మెరుగు పెట్టి తెచ్చిన దేవుడి సామాను ఏడూ గూట్లో అలాగే ఉన్నాయి. పంచపాత్ర, ఉద్ధరిణి, రెండు కుందులు, గంట, హారతి పళ్ళెం, చిన్న చెంబు. దేనికీ ఇంత మసక లేదు. పంచపాత్రలో చూసుకుని మీసం కత్తిరించుకోవచ్చని మీ బావ అంటున్నారు.

అమ్మ లెక్క నీకు తెలుసుగా. క్యాలెండరు ఆవిడకి అర్థం కావడం మానేసి రెండేళ్ళయింది. గురువారం మధ్యాహ్నం చింతపండూ ఉప్పూ ముందేసుకుని సామాను తోముతుంది. మర్నాడు తళతళలాడతాయి, అది శుక్రవారం. రాగి ఉద్ధరిణి కాడ ఎర్రబడితే ఆదివారం. పంచపాత్ర మెడ కింద మసక దిగితే మంగళవారం. కుందులు పసుపు వదిలి మట్టిరంగుకి వస్తే బుధవారం, ఇక తోమాలి. ఈ రెండేళ్ళలో నా పేరు నాలుగుసార్లు మరిచిపోయింది గానీ వారం ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

ఇప్పుడు చెబుతోంది. నువ్వు సామాను తెచ్చిచ్చి వెళ్ళి మూడు వారాలైంది. మూడు వారాలుగా మా ఇంట్లో రోజూ శుక్రవారమే.

ఇంకోటి. వెళ్ళేటప్పుడు గుమ్మంలో అమ్మ చెయ్యి పట్టుకుని, "ఇవి మళ్ళీ నల్లబడేలోపు వస్తానమ్మా" అన్నావు. మిగతావన్నీ జారవిడిచినా ఆ మాట మాత్రం కొంగున ముడేసుకుంది. నువ్వెప్పుడొస్తావని నన్ను అడగదు. పొద్దున్నే గూటి ముందు నిలబడి చూసుకుని, "ఇంకా టైముందిలే" అనుకుని వెళ్ళిపోతుంది. వారంలో వస్తావనుకున్నాను నేను. ఏం పెట్టి తోమావురా అంత గట్టిగా?

క్షేమం సంగతి ఈసారికి వదిలెయ్.

అక్క

*

పాలిషింగ్ షెడ్డు, భోజనాల బల్ల
జూన్ 21

అక్కా,

కొత్త రకం పేస్టు వచ్చింది, దాంతో తోమితే మెరుపు కొన్నాళ్ళు నిలుస్తుంది. అంతకంటే విశేషమేమీ లేదు. అమ్మ చేతులకి కాస్త విశ్రాంతి దొరికిందనుకో.

ఇక్కడ పని ఊపిరాడనివ్వడం లేదు. ఏదో పెద్ద హోటలుకి మెట్ల రెయిలింగులు, తలుపు పిడులు, మొత్తం ఇత్తడే. రోజుకి పన్నెండు గంటలు చక్రం దగ్గర నిలబడుతున్నాను. ముక్కు చీదితే నల్లగా వస్తోంది. సెలవు అడిగే మొహం లేదు.

వారాల విషయం పెద్దగా పట్టించుకోకు. శుక్రవారమైతే ఏం, మంగళవారమైతే ఏం, ఆవిడ ఇప్పుడు ఏ ఆఫీసుకి వెళ్ళాలి? బావకి నమస్కారాలు.

తమ్ముడు

*

కుట్టుమిషను పక్కనుంచే
జూలై 8

ఒరే,

శుక్రవారమైతే ఏం, అన్నావు కదా, చెబుతా విను. శుక్రవారమంటే అమ్మకి తలస్నానం. రోజూ శుక్రవారం కాబట్టి రోజూ తలస్నానం. నిన్నటి తడి ఆరకముందే ఇవాళ మళ్ళీ. పదిరోజులుగా దగ్గుతోంది. వేడినీళ్ళు ఇవ్వకపోతే ఊరుకుంటుందనుకున్నాను, చన్నీళ్ళు పోసుకుని వచ్చి పళ్ళు టకటకలాడిస్తూ నిలబడింది. తుడుస్తుంటే నా మీదే విసుక్కుంది.

మొన్న ఆదివారం మీ బావ బనీనుతో కూర్చుని పేపరు చదువుతున్నారు. అమ్మ వచ్చి, "ఏమండీ అల్లుడుగారూ, శుక్రవారం పూట ఆఫీసు ఎగ్గొడితే వాళ్ళు ఊరుకుంటారా?" అని నిలదీసింది. ఆయన వాదించలేక లేచి, చొక్కా వేసుకుని, సంచీ తగిలించుకుని వీధి చివరిదాకా వెళ్ళి వచ్చారు. నేను నవ్వాను. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

అసలు గొడవ నిన్న జరిగింది. గుండీలు కుడుతుంటే వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నేను చూడనప్పుడు నువ్వు తోమేస్తున్నావు కదూ?"

"లేదమ్మా. నేను ముట్టుకోలేదు."

"మరి ఎవరు తోముతున్నారు? దేవుడే దిగొచ్చి తోముకుంటున్నాడా?"

"వాడు కొత్త పేస్టు పెట్టాడటమ్మా."

"ఈ ఇంట్లో నాకున్నది ఒకే ఒక్క పని. అదీ లాక్కున్నావు."

నాకు కోపమొచ్చింది. దగ్గు మందు, తడి చీరలు, ఇవ్వాల్సిన జాకెట్లు పద్దెనిమిది. "నీకు మతి పోయిందమ్మా" అన్నాను. అన్నాక నాలిక కొరుక్కున్నాను గానీ ఏం లాభం. ఆవిడ అప్పట్నుంచీ గుమ్మం నుంచి కిటికీకి, కిటికీ నుంచి గుమ్మానికి నడుస్తూనే ఉంది. ఒక చేతి బొటనవేలితో రెండో అరచేతిని రుద్దుకుంటూ నడుస్తోంది. ఈ ఉత్తరం రాస్తున్నంతసేపూ నా వెనకాల ఆ అడుగులే.

ఒక్కసారి వచ్చి వెళ్ళు. నువ్వు చెబితే వింటుంది.

అక్క

*

పాలిషింగ్ షెడ్డు
జూలై 20

అక్కా,

ముందు డాక్టరుకి చూపించు. గిన్నెల సంగతి వదిలెయ్, గిన్నెలేం చేస్తాయి. వయసుతో వచ్చిన జబ్బు ఇది. దానికి నువ్వు బాధ్యురాలివి కావు, నేనూ కాను.

నీకు చాకిరీ ఎక్కువైందని తెలుస్తూనే ఉంది. ఇక్కడ మా షెడ్డుకి రెండు వీధుల అవతల పెద్దవాళ్ళ కోసం ఒక హోమ్ ఉంది. వెళ్ళి చూశాను. గదికి ఇద్దరు, పెద్ద కిటికీ, నర్సులు ఎప్పుడూ ఉంటారు. సెప్టెంబరు ఒకటిన ఒక మంచం ఖాళీ అవుతుందట. ఫారం ఇందులో పెట్టాను. ఇన్నాళ్ళూ అమ్మ నీ దగ్గరే ఉంది కాబట్టి నీ సంతకం కావాలంటున్నారు. నీకూ విశ్రాంతి, నాకూ దగ్గర.

లోపల దీపాలు వెలిగించనివ్వరు. సామాను నీ దగ్గరే ఉంచుకో.

తమ్ముడు

*

కుట్టుమిషను పక్కనుంచి
ఆగస్టు 11

తమ్ముడూ,

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఈ ముక్క నీకు రాయకూడదనుకున్నాను. పదిరోజుల కిందట అమ్మ ఇంట్లోంచి వెళ్ళిపోయింది.

నేను జాకెట్లు ఇచ్చి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. నేనూ మీ బావా చెరోవైపు పరిగెత్తాం. వీధి మలుపులో గిన్నెల కొట్టాయన కబురు పంపకపోతే ఏమయ్యేదో. వెళ్ళేసరికి స్టూలు మీద కూర్చుని ఉంది, ఉత్త కాళ్ళతో. గుప్పిట్లో ఉద్ధరిణి.

"ఇది రాగి అవునో కాదో చూడు నాయనా. ఎవరో మా సామాను మార్చేశారు. మావి ఎర్రబడేవి" అని అడిగిందట. కొట్టాయన, పాపం, సంతోషపెడదామని, "బంగారంలాంటి సరుకు అమ్మగారూ" అన్నాడట. "బంగారమైతే నాకక్కర్లేదు. నా రాగి నాకు ఇప్పించు" అందట అమ్మ.

చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. దారిలో నన్ను ఆసుపత్రి నర్సు అనుకుని "నర్సమ్మా" అంది. డాక్టరు బిళ్ళలిచ్చాడు. వేసుకుంటే తూలుతూ నడుస్తోంది, కానీ నడక ఆపడం లేదు. నేను బయటికి వెళ్తే బయటనుంచి తాళం వేస్తున్నాను. కన్నతల్లిని లోపల పెట్టి తాళం వేస్తున్నానురా.

నాకు ఓపిక అయిపోయింది. ఇవాళ ఫారం మీద సంతకం పెట్టాను. రేపు పోస్టు చేస్తాను. నేను చెడ్డదాన్ని అనుకుంటే అనుకో.

అక్క

*

ఆగస్టు 14

ఫారం పోస్టు చెయ్యలేదు.

నిన్న దీపం పెట్టబోతే ఎడమ కుంది అంచున, వత్తి మంట తగిలే చోట, ఏదో పొర లేచి కనిపించింది. సాలెపురుగు గూడేమో అనుకున్నాను. సూదితో లేపితే ఉల్లిపొరలా ఊడి వచ్చింది. అది ఊడిన చోట ఇత్తడి అప్పుడే మట్టిరంగుకి తిరిగి ఉంది. చుట్టూ మాత్రం ఇంకా శుక్రవారమే.

ఏం పూశావురా? పేస్టు అని రాశావు. పేస్టు ఇలా పొరలుగా ఊడుతుందా? నేనూ బట్ట చూసి నూలో సిల్కో చెప్పే మనిషిని, నన్ను మోసం చెయ్యకు. ఆ పంచపాత్రలో తీర్థం ఇంటిల్లిపాదీ తాగుతున్నాం, ముందు అది చెప్పు.

అమ్మ లెక్క తప్పలేదు. ఎర్రబడాల్సింది ఎర్రబడలేదు, అందుకని వారం కదల్లేదు. మావి ఎర్రబడేవి అని వీధిలోకి వెళ్ళి మరీ చెప్పింది. నేనేమో మతి పోయిందన్నాను. నువ్వు అన్నీ తెలిసి కూడా ఫారం పంపావు.

జవాబు వెంటనే రాయి. అబద్ధాలు రాసేట్టయితే స్టాంపు దండగ చేసుకోకు.

*

పాలిషింగ్ షెడ్డు
ఆగస్టు 21

అక్కా,

ఇన్నాళ్ళూ తేలు కుట్టిన దొంగలా ఉన్నాను.

ముందు నువ్వడిగింది. తీర్థం గురించి భయపడకు. పంచపాత్ర లోపలా, ఉద్ధరిణి గుంటలోనూ కళాయి పూయించాను. బయట వేసింది లాకరు, వార్నిష్‌కి చెల్లెలనుకో. తలుపు పిడులకీ రెయిలింగులకీ కొడతాం. లోహానికి గాలి తగలనివ్వదు. నాలుగైదేళ్ళు నల్లబడదు. కుంది అంచు దగ్గర మంటకి నిలవదని పదిహేనేళ్ళ అనుభవమున్న మేస్త్రీకి తెలిసి ఉండాలి, తెలియలేదు.

ఎందుకు వేశానంటే, అమ్మ వేళ్ళు చూసి. చింతపండు పులుపుకి గోళ్ళ పక్కన పగిలిపోయి ఉన్నాయి. ఇది నిజం. కానీ సగమే.

సామాను తీసుకెళ్ళడానికి నేనొచ్చిన రోజు నువ్వు ఇంట్లో లేవు. అమ్మే తలుపు తీసింది. నన్ను కిందనుంచి పైదాకా చూసి, "మేస్త్రీగారా? రండి, సామాను అక్కడ పెట్టాను" అంది. హాస్యమాడుతోందనుకున్నాను. ఒక్కొక్కటీ నా చేతికిచ్చి లెక్కపెట్టించింది. "జాగ్రత్తగా చెయ్యండి. మా అబ్బాయీ ఈ పనే చేస్తాడు, మీకు తెలుసేమో" అంది. నేను అమ్మా అనలేకపోయాను. "అలాగే అమ్మగారూ" అన్నాను. సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగి వచ్చేశాను.

మళ్ళీ తెచ్చిచ్చిన రోజు గుర్తుపట్టింది, నువ్వూ చూశావు. కానీ నాకు ధైర్యం చచ్చిపోయింది. ఈసారి తలుపు తీసేది ఎవరికి, నాకా, మేస్త్రీకా? నల్లబడేలోపు వస్తానన్నాను. నల్లబడవని తెలిసే అన్నానక్కా. హోమ్ సంగతీ అంతే. అక్కడైతే మధ్యలో నర్సు ఉంటుంది, అద్దంలోంచి చూసి వచ్చెయ్యొచ్చనుకున్నాను. ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది.

పొర తియ్యడం తేలికే. పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి చాకలి సోడా రెండు గుప్పెళ్ళు వెయ్యి. సామాను అందులో అరగంట ముంచి ఉంచు. కిటికీలు తెరిచి పెట్టు. పొర దానంతటదే ఊడుతుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు బావ. అననివ్వు.

తమ్ముడు

*

కుట్టుమిషను పక్కనుంచి
సెప్టెంబరు 10

ఒరే,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చెంప పగలగొట్టాలనిపించింది. రెండోసారి అనిపించలేదు.

ఆగస్టు ఇరవయ్యెనిమిది గురువారం వచ్చింది. మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే పొర ఊడదీశాను. గిన్నెలో పైకి తేలిన ఆ పొరని గరిటెతో తీసి పారేశాను. చింతపండు పెట్టి నేనే తోమి, ఏమీ ఎరగనట్టు గూట్లో పెట్టాను. శుక్రవారం తలస్నానం. శనివారం కూడా తలస్నానమే. ఆదివారం పొద్దున గూటి ముందు నిలబడి ఉద్ధరిణి చేతిలోకి తీసుకుని అలాగే ఉండిపోయింది. కాడ మొదట్లో ఎరుపు. వేలితో రుద్దింది, పోలేదు. వాసన చూసింది. అప్పుడే మీ బావ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చారు, ఎందుకొచ్చిన గొడవని ఆదివారాలు ఆయన చొక్కాతోనే ఉంటున్నారు. "ఆదివారం పూట చొక్కా ఎందుకండీ అల్లుడుగారూ, హాయిగా కూర్చోండి" అంది. మీ బావ నిలబడిన చోటే కూర్చుండిపోయారు. నేను మిషను ఆపేశాను. ఆ రోజు అమ్మ కుర్చీలో కూర్చుంది. రెండు నెలల తర్వాత కూర్చోవడం.

అంతటితో ఉత్తరం ఆపేద్దామనుకున్నాను. కానీ సోమవారం సాయంత్రానికి మళ్ళీ లేచింది. చింతపండు నానబోసి అన్నీ తోమేసింది. మంగళవారం రెండుసార్లు. బుధవారం మూడు. "గురువారం కదమ్మా తోమేది" అన్నాను.

"అప్పటిదాకా ఆగితే నల్లబడిపోవూ?"

"నల్లబడితే ఏమవుతుంది?"

"వాడు నల్లబడేలోపు వస్తానన్నాడు. ఈలోగా నల్లబడితే వాడు మాట తప్పినవాడు అవుతాడు. నా బిడ్డని ఆ మాట అనిపించుకోనిస్తానా?"

ఇది పదో రోజు. మా ఇంట్లో మళ్ళీ రోజూ శుక్రవారమే. ఈసారి నీ లాకరు పని కాదు. బొటనవేళ్ళు రెండూ చీలిపోయాయి. గుడ్డ కడితే విప్పేస్తుంది, పట్టు దొరకదట. చింతపండు దాచాను, ఉప్పుతో తోమింది. ఉప్పు దాచాను, చీర చెంగుతో తోమింది. రాగి మీద నెత్తుటి మరక ఉంటే అది కూడా మసకేననుకుని మళ్ళీ తోముతుంది.

నీకు ఉత్తరం రాస్తున్నానంటే, ఆవిడ మాటగా రాయమంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"కంగారుపడి రావద్దని రాయి. పనులన్నీ చూసుకునే రమ్మను. ఇంకా నల్లబడలేదని రాయి."

నా మాటగా ఒకటి. నన్ను ఎన్నిసార్లు నర్సమ్మా అందో లెక్కలేదు. పిలిచిన ప్రతిసారీ పలికాను. పలకడానికి పేరే కావాలా?

నీ ఫారం వెనక జాకెట్టు చెయ్యి కత్తిరింపు గీశాను. మందపాటి కాగితం, బాగా పనికొచ్చింది.

అక్క

*

పాలిషింగ్ షెడ్డు
సెప్టెంబరు 16, మంగళవారం

అక్కా,

సెలవు అడగలేదు, వెళ్తున్నానని చెప్పాను. రెయిలింగులు ఎక్కడికీ పోవు. రేపు సాయంత్రం బస్సెక్కితే గురువారం మధ్యాహ్నానికి దిగుతాను. మీ ఇంట్లో రోజూ శుక్రవారమే అంటున్నావు కదా, నేనొచ్చిన రోజు గురువారం చేద్దాం. ఎన్నాళ్ళుంటావని అడగకు, నాకే తెలియదు. అమ్మ వేళ్ళకి మందు కొన్నాను.

ఈ ఉత్తరం బస్సు డ్రైవరుగా పనిచేసే నా స్నేహితుడి చేత ముందు పంపిస్తున్నాను, నాకంటే ఒక పూట ముందు చేరుతుంది. చేరగానే ఒక పని చెయ్యి. ఉద్ధరిణి అమ్మ చేతికి దొరక్కుండా తీసి, తడి గుడ్డలో చుట్టి నీ దారాల డబ్బాలో దాచు. తడికి పూటలోనే రంగు తిరుగుతుంది. నల్లబడనివ్వకు, కాస్త ఎర్రబడితే చాలు.

అమ్మ తలుపు తీసి "నాన్నా, వచ్చావా" అంటే సరే. "మేస్త్రీగారా" అంటే, "అవునమ్మగారూ, తోమడానికి వచ్చాను" అని లోపలికి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంటాను. అప్పుడు తోమడానికి నాకేదో ఒకటి ఉండాలి కదా.

తమ్ముడు